రాయి ఉన్నట్టే లెక్క

నూకరత్నం కిడ్నీలో రాయి ఉందని ప్రభుత్వం ఒప్పుకున్న రోజునే ఆ రాయి బయటికి వచ్చేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. అంతకు ముందే వచ్చేసి ఉంటే ప్రభుత్వానికి దాని ఊసే పట్టేది కాదు. కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే డాక్టర్లే తీసినట్టయ్యేది. ఆ రాయికి లౌక్యం తెలియదు. సరిగ్గా అనుమతి వచ్చిన పొద్దుటే, ఒక్క మాట చెప్పకుండా, ఆడవార్డు బాత్రూములో ప్లాస్టిక్ మగ్గులోకి టక్కుమని దూకింది.

నూకరత్నం బస్సు కండక్టరు. కొండగెడ్డ రూట్లో పన్నెండేళ్లుగా టిక్కెట్లు కొడుతోంది. ఆ రూట్లో బస్సు ఆగే చోట్లకు కొదవ లేదు గానీ ఆడమనిషి దిగి వెళ్లొచ్చే చోటు ఒక్కటీ లేదు. డ్రైవరు ఏ తుప్ప చాటుకో వెళ్లి బీడీ కూడా కాల్చుకుని తాపీగా వస్తాడు. ఆమె సీటులో కూర్చుని చిల్లర సర్దుకుంటూ ఉంటుంది. నీళ్లు తాగితే కదా ఈ బాధ అని తాగడమే మానేసింది. డ్యూటీ మధ్యలో బస్సు దిగని కండక్టరని డిపో వాళ్లు ఆమెకు ఒకసారి శాలువా కప్పారు. ఆ మెచ్చుకోలంతా లోపల్లోపల గడ్డకట్టి, ఎడమ కిడ్నీలో శనగగింజంత రాయిగా తయారైంది.

ఒకనాడు ఘాట్ ఎక్కుతుండగా నడుములో మొదలైన నొప్పికి ఆమె బస్సులోనే మెలికలు తిరిగిపోయింది. ప్రయాణికులే పెద్దాసుపత్రికి చేర్చారు. అక్కడ స్కానింగు గది ముందు ఒక పెద్ద హాలుంది. వచ్చినవాళ్లందరికీ బాటిలెడు నీళ్లు పట్టించి, ఉచ్చ ఆపుకుని కూర్చోమంటారు. సంచి నిండితేనే బొమ్మ బాగా పడుతుందట. నిండినవాళ్లను ముందు పిలవాలి కదా, అలా పిలవరు. చీటీ నంబరు ప్రకారమే పిలుస్తారు. హాల్లో మగమహారాజులు కాళ్లు మెలేసుకుని దేవుళ్లను తలుచుకుంటున్నారు. ఒకాయన గోడకు తల ఆనించి, పలకరించిన వాళ్లను చేత్తోనే వారిస్తున్నాడు. నూకరత్నం మాత్రం చేతులు కట్టుకుని నిమ్మళంగా కూర్చుంది. ఆ విద్యలో ఆమెకున్న అనుభవం ఆ హాల్లో మరెవరికీ లేదు.

స్కానింగులో రాయి తేలింది. ఎక్స్‌రే తీస్తే అందులోనూ తెల్లగా, చక్కగా కనిపించింది. ఆపరేషను చేయాలన్నారు. ఉద్యోగి కాబట్టి ఆరోగ్య పథకం కింద చేస్తారు. అందుకు పైనుంచి అనుమతి రావాలి. వచ్చేదాకా మంచం మీద ఉండమన్నారు.

ఆ పథకానికో కథ ఉంది. అదివరకు ఎక్కడో ఎవరో లేని రాళ్లను తీసినట్టు చూపించి పథకాన్ని బురిడీ కొట్టించారట. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఆ తర్వాత పైవాళ్లు మేలుకుని ఒక ఉత్తర్వు జారీ చేశారు. అనుమతి వచ్చాక, ఆపరేషనుకు ముందు ఒక ఎక్స్‌రే తీయాలి. అందులో రాయి ఉండాలి. ఆపరేషను అయ్యాక ఇంకొకటి తీయాలి. అందులో రాయి ఉండకూడదు. రెండు బొమ్మలూ కంప్యూటరులోకి ఎక్కితేనే ఫైలు మూసుకుంటుంది. ఫైలు మూసుకుంటేనే రోగికి విడుదల, డ్యూటీలో చేరడానికి ఫిట్ సర్టిఫికెట్టు. మోసం అనేది ఇక జరగదని అందరూ సంతోషించారు.

అనుమతి కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో నూకరత్నం భర్త సూరిబాబు ఊరుకోలేదు. అతను వెల్డింగు షాపులో పనిచేస్తాడు. ఎవరో చెప్పారని రోజూ అరటిదూట రసం ఒక సీసాలో, ఉలవకట్టు ఇంకో సీసాలో పోసి తెచ్చేవాడు. నూకరత్నం రెండూ తాగింది. పన్నెండేళ్లుగా తాగని నీళ్లన్నీ వార్డులో కూర్చుని తాగింది. బాత్రూము పక్కనే ఉందన్న ధీమా ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. రాయి ఆ ప్రవాహానికి తట్టుకోలేక వచ్చేసింది.

ఆమె ఆనందం అంతా ఇంతా కాదు. ఆ ఆనందానికి నొప్పి తగ్గడం ఒక్కటే కారణం కాదు. కూతురు హారిక తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండుతున్నాయి. ఇంట్లో సూరిబాబు ఉన్నాడు గానీ ఆడదిక్కు లేదు. సూరిబాబు ఇనుముకు ఇనుము అతికించగలడు గానీ అన్నం వండితే గిన్నెకు అతుక్కున్నది మాత్రం విడదీయలేడు. కాన్పు నాటికి పిల్ల పక్కన ఉండాలి, మనవణ్ణో మనవరాల్నో తొలుత తన చేతుల్లోకే తీసుకోవాలి. నూకరత్నానికి లోకంలో అప్పుడు కావలసింది అదొక్కటే. రాయిని కడిగి, చిల్లర పర్సులో వేసుకుని, జడ వేసుకుని, పథకం గదికి బయలుదేరింది.

పథకం గదిలో సమన్వయాధికారి భానుమూర్తి ఉంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరి మనసూ నొప్పించడు. కాకపోతే ఎదురుగా ఉన్న మనిషి కంటే కంప్యూటరులో ఉన్న మనిషినే ఎక్కువ నమ్ముతాడు.

"శుభవార్త అమ్మా, మీ రాయికి అనుమతి మంజూరైంది" అన్నాడు ఆమెను చూడగానే.

"అదిక అక్కర్లేదు బాబూ. వచ్చీసింది" అంటూ నూకరత్నం పర్సు విప్పి, రాయిని బల్ల మీద పెట్టింది.

భానుమూర్తి దాన్ని చూసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. అనుమతి రాకముందు వచ్చిందా, వచ్చాక వచ్చిందా అని అడిగాడు. పొద్దున్నే అని ఆమె చెప్పింది. కంప్యూటరు చూసుకుని, అనుమతి కూడా పొద్దున్నే వచ్చిందనీ, కాబట్టి ఇది మంజూరైన రాయి కిందికి వస్తుందనీ, మంజూరైన రాయి శస్త్రచికిత్స ద్వారా తప్ప మరో మార్గంలో బయటికి రావడానికి ఉత్తర్వులో వీలు లేదనీ విచారంగా వివరించాడు.

"పోనీ, అది వచ్చినప్పుడు సాక్షులెవరైనా ఉన్నారా?"

"బాత్రూములోనా?"

"గెజిటెడ్ అధికారి ఎవరైనా ఉండి ఉంటే ధ్రువీకరణ తీసుకునేవాళ్లం. ఈ రాయే ఆ రాయి అనడానికి మాకు ఆధారం ఉండాలి కదమ్మా. రాళ్లు ఎక్కడైనా దొరుకుతాయి."

నూకరత్నం తనకు తెలిసిన తీరులో చెప్పి చూసింది. టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు ముందు స్టేజీలోనే దిగిపోతాడు. దిగిపోయాడని బస్సు ఆపేస్తామా, ఆఖరి స్టేజీ దాకా వాడు ఉన్నట్టే లెక్క వేస్తామా అని అడిగింది. భానుమూర్తి శ్రద్ధగా విని, ఫైలు ప్రకారం ప్రయాణికుడు ఇంకా బస్సులోనే ఉన్నాడని అన్నాడు.

మరి ఫైలు రద్దు చేసేయమంది ఆమె. దానికీ కంప్యూటరులో దారి ఉంది. రద్దుకు కారణం ఎంచుకోవాలి. కారణాలు రెండే ఉన్నాయి. రోగి పరారైపోవడం ఒకటి, రోగి మరణించడం రెండోది. రాయి వెళ్లిపోవడం అన్నది కారణాల్లో లేదు. పరారైనట్టు రాస్తే పోలీసులకూ డిపోకూ కబురు వెళుతుందని భానుమూర్తే హెచ్చరించాడు. కాసేపు గడ్డం గోక్కుని, ఆమెకు అభ్యంతరం లేకపోతే మరణించినట్టు నొక్కేస్తాననీ, అది చాలా సులువుగా అయిపోతుందనీ, తర్వాత బతికున్నట్టు అర్జీ పెట్టుకుంటే ఇంకో విభాగం వాళ్లు చూసుకుంటారనీ సలహా ఇచ్చాడు. నూకరత్నం రాయిని మళ్లీ పర్సులో వేసుకుని లేచింది.

విషయం సూపరింటెండెంటు దాకా వెళ్లింది. ఆయన పేరు డాక్టర్ అనంత పద్మనాభం. ఒకప్పుడు మంచి సర్జనే అంటారు. కమిటీలు వేయడం మొదలుపెట్టాక కత్తి పట్టే అవసరం రాలేదు. ఆయన వెంటనే అశ్మరీ సమన్వయ ఉపసంఘం వేశారు. అశ్మరి అంటే రాయేనని భానుమూర్తి పక్కనున్న వాళ్లకు మెల్లగా చెప్పాడు. నూకరత్నాన్ని పిలిపించి ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు.

మొదట మళ్లీ ఎక్స్‌రే తీశారు. అందులో రాయి లేదు. ఉపసంఘం ఆ బొమ్మను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. అందరి ముఖాలూ వాడిపోయాయి. రోగి ఒంట్లో రాయి లేదని తెలిసి ఒక ఆసుపత్రిలో ఇంతమంది దిగులు పడటం నూకరత్నం ఎన్నడూ చూడలేదు.

"ఇది స్వయంనిష్క్రమణ కేసు" అన్నారు పద్మనాభంగారు. "ఇలాంటి వాటిని ఉపేక్షిస్తే రేపు ప్రతి రాయీ ఇదే దారి పడుతుంది. విభాగం ఉనికికే ప్రమాదం. చూడమ్మా, ఈ రాయి మీకు ఎన్నాళ్లలో తయారైంది?"

"పన్నెండేళ్ల సర్వీసండి."

ఆయన భానుమూర్తి వైపు చూశారు. అనుమతి గడువు అంత లేదని భానుమూర్తి విన్నవించాడు. అయితే త్వరితగతిన పునరుద్ధరించే మార్గాలు అన్వేషించాలని ఉపసంఘం తీర్మానించింది. రాళ్లు రాకుండా ఉండాలంటే ఏం తినకూడదో వివరించే బోర్డు ఒకటి వార్డు గోడకు చాలాకాలంగా వేలాడుతోంది. ఆ బోర్డులో ఉన్నవన్నీ నూకరత్నానికి మూడు పూటలా పెట్టమని ఆదేశించారు. పాలకూర టమాటా పప్పు, పాలకూర టమాటా కూర, ఉప్పు దట్టించిన ఊరగాయ. నీళ్లు గుటక చొప్పున ఇవ్వాలి. బాత్రూముకు వెళ్లాలంటే డ్యూటీ నర్సు అనుమతి తీసుకోవాలి. దీనికి అశ్మరీ పునరుద్ధరణ పథ్యం అని పేరు పెట్టారు. వార్డులో పక్క మంచం ఆవిడ జాలిపడితే, ఇందులో కొత్తేమీ లేదనీ, పన్నెండేళ్లుగా డిపో తనకు పెడుతున్న పథ్యం ఇదేననీ, అక్కడ పాలకూర మాత్రం ఉండదనీ నూకరత్నం చెప్పింది.

చెప్పడానికి చెప్పింది గానీ ఆమెకు లోపల కోపం కుతకుతలాడుతోంది. సూరిబాబు రహస్యంగా నీళ్ల సీసా తెస్తే, వాచ్‌మన్ గేటు దగ్గరే పట్టుకున్నాడు. కిడ్నీ వార్డులోకి సారా తెచ్చినా చూసీచూడనట్టు వదిలేసే వాచ్‌మన్, నీళ్లు దొరికాయని పైకి రిపోర్టు చేశాడు. అరటిదూట రసం తెచ్చినవాడు ఇతనే అని తెలిసి, ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు సంజాయిషీ అడిగారు. సూరిబాబు వణికిపోయి, ఇకమీదట తన పెళ్లాం రాళ్ల జోలికి రానని రాసిచ్చాడు.

ఆ మర్నాడు హారిక ఫోను చేసింది.

"అమ్మా, ఎప్పుడొస్తావే? పొద్దుటి నుంచి నడుం లాగేస్తంది. నాన్నకి చెప్తే, కొబ్బరినూనె రాసుకో తగ్గిపోతాదంటన్నాడు."

"వచ్చీస్తానమ్మా. భయపడకు. నీకింకా టైముందని స్కానింగులో రాశారు కదా" అంది నూకరత్నం. స్కానింగు మాట తన నోటి వెంటే రావడం విని ఆమెకే ఒళ్లు జలదరించింది. ఫోను పెట్టేశాక దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చింది. నొప్పి వచ్చిన రోజున కూడా ఆమె అంత ఏడవలేదు. నెలలు నిండిన కన్నకూతురు నడుం నొప్పితో అవస్థ పడుతుంటే, లేని రాయి కోసం తనిక్కడ పాలకూర తింటూ కూర్చోవలసి వచ్చింది.

కళ్లు తుడుచుకుని నేరుగా ఉపసంఘం గదికి వెళ్లింది. లోపల సమావేశం జరుగుతోంది. పథ్యం ఫలించలేదని కొత్త ఎక్స్‌రే చెబుతోంది. మరో రోగి ఒంట్లోని రాయిని ఈమె పేరు మీదికి బదలాయించడం సాధ్యమా అని చర్చిస్తున్నారు.

"బాబూ, మీకు కావలసింది ఏటి? ఫోటోలో రాయి కనబడాలి. అంతేనా?" అంది నూకరత్నం. పర్సులోంచి రాయి తీసి బల్ల మీద గట్టిగా పెట్టింది. "ఇదిగో. ప్లాస్టరేసి నా వీపుకి అంటించీండి. ఫోటో తీసుకోండి. తరవాత పీకీండి. అదే ఆపరేషను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఆమెకు తెలియక కాదు. ఆ మాట వాళ్ల మొహాన కొట్టినట్టు ఉండాలని, సిగ్గుపడి వదిలేస్తారని అంది. కానీ గదిలో ఎవరూ సిగ్గుపడలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. పద్మనాభంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రోగి సూచన పరిశీలనార్హం" అన్నారు.

భానుమూర్తి ఉత్తర్వు ప్రతిని మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. ఫిల్ములో రాయి ఉండాలని ఉంది. రోగి లోపల ఉండాలని ఎక్కడా లేదు. ఉపసంఘం మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రమే ఏర్పాట్లు జరిగాయి. రాయిని స్పిరిటుతో తుడిచి, వీపు మీద ఎడమ కిడ్నీ సూటిగా ప్లాస్టరుతో అంటించారు. మొదటిసారి ఆమె బోర్లా పడుకుని ఉండటంతో ఎడమ కుడి తేడా వచ్చి, కుడివైపు అంటించారు. ఫిల్ములో రాయి కుడి కిడ్నీలో మెరిసింది. కుడి రాయికి అనుమతి లేదని భానుమూర్తి తల పట్టుకున్నాడు. దానికి వేరే దరఖాస్తు పెడదామా అని ఒకాయన అన్నాడు కూడా. రాయిని పీకి ఎడమవైపు వేస్తే చాలునని నూకరత్నమే చెప్పవలసి వచ్చింది. రెండో ఫిల్ము దివ్యంగా వచ్చింది. అసలు రాయి లోపలున్నప్పుడు కూడా అంత స్పష్టంగా పడలేదని ఎక్స్‌రే డాక్టరు మెచ్చుకున్నాడు.

ఇక ఆపరేషను. థియేటరులోకి తీసుకెళ్లారు. పచ్చగుడ్డలు కప్పారు, పెద్ద లైటు వేశారు. చాలా ఏళ్ల తర్వాత పద్మనాభంగారే స్వయంగా చేతులకు తొడుగులు వేసుకున్నారు. మత్తు డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. మత్తివ్వని శస్త్రచికిత్స శస్త్రచికిత్స కాదనీ, తన విభాగాన్ని చిన్నచూపు చూస్తున్నారనీ అలిగాడు. వాదోపవాదాలు జరిగాక, రోగి కళ్లు మూసుకుని మాట్లాడకుండా ఉంటే మత్తు ఇచ్చినట్టే లెక్క అని రాజీ కుదిరింది. నూకరత్నం కళ్లు మూసుకుంది. పద్మనాభంగారు ప్లాస్టరు చివర పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగు లాగారు. చురుక్కుమంది. మొత్తం వైద్యంలో ఆమెకు కలిగిన నొప్పి అదొక్కటే.

అందరూ చప్పట్లు కొట్టారు. రెండో బొమ్మ తీశారు. అందులో రాయి లేదు. కంప్యూటరు రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని పచ్చరంగు చూపించింది. కోత లేదు, కుట్టు లేదు, చుక్క నెత్తురు పోలేదు. ఇలాంటి ఫలితం రాష్ట్రంలో ఎక్కడా లేదని, దీన్ని సదస్సులో సమర్పించాలని పద్మనాభంగారు అక్కడే నిర్ణయించుకున్నారు. నూకరత్నం తన రాయి తనకు ఇమ్మంది. అది ఇప్పుడు ఆసుపత్రి సాధనాల కిందికి వస్తుందని చెప్పి, ఒక సీసాలో వేసి చీటీ అంటించారు. రెండో అంతస్తులో మరొకాయన రాయి కూడా ముందే వెళ్లిపోయిందట. మర్నాటికి ఆయన వీపు సిద్ధం చేస్తున్నారు.

అన్నీ అయ్యాయి కదా అని ఆమె సంచి సర్దుకుంది. డ్యూటీ నర్సు వచ్చి సంచి పుచ్చుకుంది. పెద్ద ఆపరేషను అయిన మనిషి మంచం దిగకూడదు. శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతి తప్పనిసరని పథకంలో ఉంది. వీపు మీద ప్లాస్టరు ఊడిన చోట రోజూ దూది మార్చాలి. నూకరత్నానికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. పొద్దుటి దాకా ఓపిక పట్టి, తర్వాత గోడ దూకైనా వెళ్లిపోదామనుకుని పడుకుంది.

తెల్లారగానే సూరిబాబు ఫోను చేశాడు. మాట తడబడుతోంది. హారికకు నొప్పులు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయింది, ఆటోలో తీసుకొచ్చేశాడు. ఎక్కడికి తెచ్చావని ఆమె అరిచింది. నువ్వున్న ఆసుపత్రికే, కింద పురిటి వార్డులో ఉన్నామన్నాడు.

నూకరత్నం మంచం దిగి పరుగెత్తింది. నర్సు వెనక నుంచి పిలుస్తూనే ఉంది. కుట్లు తెగిపోతాయమ్మా అని ఎవరో అరిచారు. లేని కుట్లు తెగుతాయన్న భయం ఆమెకు లేదు. రెండేసి మెట్లు దిగింది. వేగంగా పోయే బస్సులో ఫుట్‌బోర్డు మీద నిలబడటం అలవాటైన కాళ్లు కాబట్టి ఎక్కడా తడబడలేదు. పురిటి గది తలుపు తోసేసరికి హారిక ఆమెను చూసి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకున్నాక నూకరత్నం ఇంక వదల్లేదు.

పిల్లవాడు పుట్టాడు. ఎర్రగా, బుగ్గలు ఉబ్బించుకుని, టిక్కెట్టు లేకుండా ఎక్కి పట్టుబడినవాడిలా కోపంగా చూశాడు. మంత్రసాని నర్సు వాణ్ణి తుడిచి గుడ్డలో చుట్టి అందిస్తే, తొలుత అందుకున్నవి నూకరత్నం చేతులే. ఇన్నాళ్ల పాలకూర, దాహం, ప్లాస్టరు, అన్నీ ఆ క్షణంలో ఆమె మరిచిపోయింది. కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి. నీళ్లు ఆపుకోవడంలో అంత పేరున్న మనిషి వాటిని ఆపే ప్రయత్నమే చేయలేదు.

కాసేపటికి భానుమూర్తి వచ్చాడు. చేతిలో పెన్ను, చంకలో ఫైలు. పురిటి పథకం కూడా అతనే చూస్తాడట. ముందు నూకరత్నం క్షేమం అడిగాడు. అంత పెద్ద ఆపరేషను తర్వాత అంత త్వరగా లేవడం వైద్యశాస్త్రానికే గర్వకారణమన్నాడు. తర్వాత మంచం పక్కన నిలబడి, ఫైలులోంచి హారిక స్కానింగు బొమ్మ తీసి, గుడ్డలోని పిల్లవాడి వైపూ బొమ్మ వైపూ మార్చి మార్చి చూశాడు. అతని ముఖం మెల్లగా వాడిపోవడం నూకరత్నం గమనించింది. ఆ వాడిపోవడం ఆమెకు బాగా తెలుసు.

"చిన్న ఇబ్బంది వచ్చిందమ్మా" అన్నాడు. "స్కానింగు ప్రకారం బాబుకు వచ్చే నెల రెండో వారంలో అనుమతి ఉంది. ఇప్పుడు రికార్డు ప్రకారం లోపలే ఉన్నాడు."

సూరిబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. తను ఏ రసమూ పట్టలేదని, కొబ్బరినూనె తప్ప ఏమీ ఇవ్వలేదని ముందుగానే చెప్పేశాడు.

నూకరత్నం నోటి దాకా ప్లాస్టరు మాట వచ్చింది. అంతలోనే భానుమూర్తి పెన్ను మూత తీసి, ఏదైనా సూచన వస్తే రాసుకుందామన్నట్టు ఆశగా తన వైపే చూడటం గమనించింది. ఈ ఆసుపత్రిలో ఎకసెక్కాలు ఆడకూడదని ఆమెకు తెలిసి వచ్చింది. నాలుక కరుచుకుని పిల్లవాణ్ణి గుండెలకు గట్టిగా అదుముకుంది.

"బయటికి వచ్చిన సమయంలో గెజిటెడ్ సాక్షి ఎవరైనా..." అంటూ భానుమూర్తి దగ్గరికి వచ్చి, బొమ్మతో పోల్చి చూసుకుందామని గుడ్డ కొంచెం పక్కకు జరిపాడు.

పిల్లవాడు ఎవరి అనుమతికీ ఆగలేదు. చీటీ నంబరు చూసుకోలేదు. ఒక్క ధార సూటిగా పైకి లేచి, స్కానింగు బొమ్మను తడిపి, ఫైలును తడిపి, భానుమూర్తి చొక్కా జేబు దాకా వెళ్లి ఆగింది. అతను పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మంచం మీద నీరసంగా పడున్న హారిక పక్కకు తిరిగి నవ్వింది.

నూకరత్నం మనవడి పొట్ట మీద గుడ్డ సర్దింది. బస్సులో ఆఖరి స్టేజీ చెప్పేటప్పటి గొంతుతో, నెమ్మదిగా చెప్పింది.

"రాసుకోండి బాబూ. కిడ్నీలు రెండూ బాగున్నాయి. దారిలో రాళ్లు లేవు. దీనికి సాక్షి మీరే."